షా అలీ బండలో ఇరవై ఏడో రాత్రి

2025 మార్చి 27, గురువారం. మధ్యాహ్నం మూడున్నరకు కర్నూలులో బస్సెక్కాను. షాద్‌నగర్ దగ్గర పొద్దు గుంకింది. బస్సులోనే ఖర్జూరాలతో ఇఫ్తార్ చేసి, ఆరాంఘర్‌లో దిగి ఆటోలో హైదరాబాద్ పాతబస్తీలోని షా అలీ బండ చేరాను. మా చిచ్చా (బాబాయి) ఇల్లు అక్కడే.

ఆ రాత్రి షబే ఖదర్. వెయ్యి నెలల కన్నా మేలైన రాత్రి అని ఖురాన్ 97వ సూరా చెబుతుంది. అంటే 83 ఏళ్ల 4 నెలలు, ఒక మనిషి ఆయుష్షంత. రంజాన్ చివరి పది రోజుల్లో బేసి రాత్రుల్లో దాన్ని వెతుక్కోమన్నారు ప్రవక్త. మనవైపు ఎక్కువమంది 27వ రాత్రి జాగారం చేస్తారు.

రంజాన్ రాత్రుల్లో చదివే తరావీహ్ నమాజుకు మక్కా మసీదుకు వెళ్లాం. కుతుబ్‌షాహీలు మొదలుపెడితే 1694లో ఔరంగజేబు హయాంలో పూర్తయిన మసీదు. లోపల చోటు దొరక్క ఆవరణలో రాతి నేల మీదే నిలబడ్డాం. పగటి ఎండ వేడి ఆ రాళ్లలో ఇంకా ఉంది. ఇరవై రకాతులు (నమాజు ఆవృత్తులు) అయ్యాక దువా, అంటే వేడుకోలు. పక్కనున్న ముసలాయన చేతులు చాచి వెక్కివెక్కి ఏడుస్తుంటే నాకూ ఆగలేదు.

ఇంటికొచ్చాక చిచ్చా జకాత్, అంటే ఏటా పేదలకు తప్పనిసరిగా ఇచ్చే దానం, లెక్క చూడటానికి చాప మీద కూర్చుని లెక్కల పుస్తకం తీశారు. చేతిలో ఉన్న డబ్బు, షాపులో సరుకు కలిపి, అందులోంచి అప్పులు తీసేశారు. చాచీ (పిన్ని) మెడలో గొలుసూ లెక్కలోకొచ్చింది. మేం పాటించే హనఫీ ధర్మశాస్త్ర శాఖలో వేసుకునే నగకూ జకాత్ ఉంది. మిగిలినదాంట్లో నలభయ్యో వంతు, నూటికి రెండున్నర. ఎవరికి ఎంతో అంకెలు వేశారు గానీ పేర్లు మాత్రం రాయలేదు. ఎందుకని అడిగితే, "ఈ పుస్తకం రేపు ఎవరి చేతిలో పడుతుందో ఏమో బేటా" అన్నారు.

ఏడు కవర్లు తయారయ్యాయి. తెల్లవి, పైన ఏమీ లేదు.

"జకాత్ అని చెప్పాలా చిచ్చా?"

"వద్దు. నియ్యత్, ఇచ్చే ఉద్దేశం, మన మనసులో ఉంటే చాలు. పిల్లలకు ఈదీ, పండగ కానుక, అని ఇచ్చెయ్. జకాత్ అన్న మాట వింటే వాళ్ల తల వంగుతుంది."

రెండు దాటాక గల్లీల్లోకి బయల్దేరాం. మూడో ఇంటి దగ్గర చిచ్చా దూరంగానే ఆగి నన్ను పంపారు. తట్టాను. తలుపు జానెడు తెరుచుకుంది. లోపల కుట్టుమిషను మీద చిన్న బల్బు వెలుగుతోంది. వేళ్లకు దారపు పోగులు అంటిన చెయ్యొకటి బయటికొచ్చింది. కవరు పెట్టి, "పిల్లలకు ఈదీ" అన్నాను. "అల్లా ఖబూల్ చేయాలి" అన్న మాటతో తలుపు మూసుకుంది. ఆ అమ్మ ముఖం నేను చూడలేదు, చూడనందుకే నాకు తృప్తిగా ఉంది.

ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే సహరీకి చాచీ ఖిచిడీ, ఖట్టా (పులుసు), ఖీమా వడ్డించింది. తింటుంటే చిచ్చా నెమ్మదిగా అన్నారు: "ఇవాళ జుమాతుల్ విదా, రంజాన్ ఆఖరి శుక్రవారం. నమాజు చదువుకుని సాయంత్రం బస్సుకి వెళ్దువులే. ఇంకో రెండు ఇళ్లున్నాయి."