బసంతర్ దగ్గర అరుణ్ ఖేతర్పాల్

1971 డిసెంబర్ 16, భారత్-పాకిస్తాన్ యుద్ధం. సరిహద్దులోని షకర్‌గఢ్ సెక్టార్‌లో బసంతర్ నది దాటిన మన పదాతి దళానికి ట్యాంకుల అండ కావాలి. దారిలో మందుపాతరలు, ఇంజనీర్లు ఇంకా పూర్తిగా తీయలేదు. అయినా మన ట్యాంకు రెజిమెంట్ 17 పూనా హార్స్ ఆగలేదు. జర్‌పాల్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకులు విరుచుకుపడితే సాయానికి వెళ్ళినవాళ్ళలో సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఒకడు. వయసు 21, సైన్యంలో అధికారిగా చేరి ఆరు నెలలే!

అతని సెంచూరియన్ ట్యాంకుకు దెబ్బ తగిలి మంటలంటుకున్నాయి. లోపల పేర్చిన గుండ్లకు సెగ తగిలితే ట్యాంకు మొత్తం పేలిపోతుంది, అందుకే దిగిపొమ్మని ఆదేశం వచ్చింది. గన్ ఇంకా పనిచేస్తోందని రేడియోలో బదులిచ్చి కాలుస్తూనే ఉన్నాడు. ఆఖరి శత్రు ట్యాంకును కూల్చింది దాదాపు 100 మీటర్ల దూరంలో. అంత దగ్గర్లో గురి తప్పేదే ఉండదు, ఇద్దరికీ. మరో గుండు తగిలి అరుణ్ అక్కడే అమరుడయ్యాడు. అతను నిలిచిన చోట ఒక్క శత్రు ట్యాంకూ దాటలేకపోయింది. మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు.