లైన్ ఫాలోవర్ మలుపు తిరిగింది

ఇవాళ మా డిప్లొమా ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) పిల్లల మినీ ప్రాజెక్టులు. ఇంటికొచ్చినా మనసింకా ల్యాబ్‌లోనే ఉంది.

ఓ బ్యాచ్ లైన్ ఫాలోవర్ రోబో చేసింది, అంటే నేల మీది గీత వెంట తనంతట తానే నడిచే బండి. దాని చక్రాలు బెంచి మీద చక్కగా తిరిగాయి. నేల మీద నల్ల టేపుపై వదిలితే మాత్రం రెండంగుళాలు కదిలి ఆగడం, మళ్లీ మొదలవడం. తప్పు కోడ్‌లోనే ఉందనుకుని గంటసేపు దాన్నే తిరగేశారు. ఒకమ్మాయి మాత్రం రోబోను నడిపే ఆర్డునో బోర్డు మీది చిన్న లైటునే చూస్తూ కూర్చుంది. "మేడమ్, మోటార్లు లాగినప్పుడల్లా బోర్డు ఆరిపోయి మళ్లీ వెలుగుతోంది" అంది.

వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెడితే తప్పు దొరికింది. చిన్న డబ్బా లాంటి 9 వోల్టుల బ్యాటరీ మోటార్ల బరువు పడగానే 5 వోల్టుల దాకా జారిపోతోంది. అంత కరెంటు ఇచ్చే శక్తి దానికి లేదు. పైగా మోటార్లకు కరెంటు అందించే ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డే ఇంచుమించు 2 వోల్టులు మింగేస్తుంది. దాని బదులు ఎక్కువ కరెంటు ఇవ్వగల రెండు 18650 రకం లిథియం సెల్స్ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిపారు. బండి పరుగందుకుంది.

మధ్యాహ్నం కిటికీ ఎండ పడ్డచోట దారి తప్పింది. రోబో సెన్సార్లు నేల నుంచి తిరిగొచ్చే ఇన్‌ఫ్రారెడ్‌ను (కంటికి కనిపించని కాంతి) బట్టి గీతను గుర్తిస్తాయి. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కదా, సెన్సార్‌కి నలుపూ తెలుపూ తేడా తెలియలేదు. నల్ల చార్టు ముక్క చుట్టి సెన్సార్లకు గొడుగు పట్టారు. ఆ ఉపాయం నాది కాదు, పూర్తిగా వాళ్లదే. ఎంత ముచ్చటేసిందో!

చివరి మలుపు దాటగానే అందరూ కేకలు. లైటును గమనించిన ఆ అమ్మాయి మాత్రం టంకం వేసేటప్పుడు వాడే ఫ్లక్స్ అంటిన వేళ్లతో నోరు మూసుకుని అలాగే నిలబడిపోయింది.