లైసెన్సు ఎవరి పేరు మీద?

శనివారం, రాత్రి.

ఇంజినీరింగ్ మొదటి ఏడాది క్లాసులు మొదలయ్యే రోజులు కదా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చినోయ్ ట్రేడ్ సెంటర్ ఇవాళ కిటకిటలాడింది. మేనకోడలిది మెకానికల్. ఆమెకి ల్యాప్‌టాప్ కొనాలి, బడ్జెట్ 60 వేలు. సాఫ్ట్‌వేర్‌కి విడిగా రూపాయి కట్టకూడదు, ఆ డబ్బు ర్యామ్‌కి పోవాలి అని ముందే అనుకుని బయల్దేరాం.

షాపుల్లో అందరూ ఇంటెల్ ప్రాసెసర్ ‘ఐ5’ స్టిక్కర్ చూపిస్తారు. చూడాల్సింది ఆ ప్రాసెసర్ మోడల్ నంబరు చివరి అక్షరం. యూ ఉంటే బ్యాటరీ ఎక్కువసేపు వచ్చే రకం, హెచ్ ఉంటే బరువైన పనికి తట్టుకునే రకం. డ్రాయింగులు, త్రీడీ మోడళ్లు చేసేవాళ్లకు హెచ్ నయం. ర్యామ్ సంగతి డెమో పీస్‌లోనే తేల్చుకోవచ్చు. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే కుడివైపు కింద ‘ఫారమ్ ఫ్యాక్టర్’ అని కనిపిస్తుంది. అక్కడ ‘ఎస్ఓడిమ్’ అని ఉంటే తర్వాత ఊడదీసి మార్చుకోవచ్చు. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే బోర్డుకే సోల్డర్ చేసేశారని అర్థం. అలాంటిది 8 జీబీతో కొంటే నాలుగేళ్లూ ఆ 8తోనే గడపాలి. ‘స్లాట్స్ యూజ్డ్’ దగ్గర రెండింట్లో ఒకటే నిండి ఉంటే, రెండోదాంట్లో ఇంకో 8 వేయించేయాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి రెండు స్టిక్కులు ఉంటే తేడా బాగానే తెలుస్తుంది.

ఒకచోట విండోస్ లేని డాస్ మోడల్ చూపించి, ‘విండోస్, ఆఫీస్, ఆటోక్యాడ్ అన్నీ మేమే ఫ్రీగా వేసిస్తాం’ అన్నారు.

‘ఫ్రీయే కదా మావయ్యా, తీసుకుందామా?’ అంది.

వద్దన్నాను. అలా వేసే విండోస్ చాలావరకు కేఎంఎస్ పద్ధతిలో యాక్టివేట్ చేసినదే. అది సంస్థల సొంత నెట్‌వర్క్‌ల కోసం పెట్టిన ఏర్పాటు. 180 రోజుల్లోగా సర్వర్‌తో మాట్లాడకపోతే యాక్టివేషన్ పోతుంది. పోకుండా ఉండాలని దొంగ టూల్ ఒకటి లోపల నడుస్తూనే ఉంటుంది, దానికోసం యాంటీవైరస్ ఆపేస్తారు. బ్యాంకు పాస్‌వర్డులు కొట్టే మెషీన్లో అది ఉండకూడదు. కొన్నాక అనుమానమొస్తే విండోస్ బొత్తం, ఆర్ కలిపి నొక్కి, ఎస్ఎల్ఎంజీఆర్, ఒక ఖాళీ, స్లాష్, డీఎల్ఐ అని ఇంగ్లిష్‌లో కొట్టి చూడాలి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన అసలు విండోస్ అయితే ‘ఓఈఎం డీఎం’ ఛానల్ అని వస్తుంది. ‘వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్’ అని వస్తే సంగతి తెలిసిపోయినట్టే.

విండోస్‌తో పాటు ఆఫీస్ హోమ్ కలిపి ఇచ్చే మోడల్ తీసుకున్నాం. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. ఆ ఆఫీస్ మొదటిసారి ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాతో యాక్టివేట్ చేస్తే దానికే అతుక్కుంటుంది. షాపులో కుర్రాడు తొందరలో ఏదో ఒక మెయిల్‌తో సెటప్ చేసిస్తే లైసెన్సు ఆ ఖాతాకే పోతుంది. అందుకే సీలు మన ఎదుటే తీయించి, సెటప్ ఆమె సొంత మెయిల్‌తోనే చేయించాను. కాలేజీ మెయిల్‌తో కూడా చేయకూడదు, చదువైపోయాక దాన్ని మూసేస్తే ఆ ఖాతాలోకి వెళ్లడం కష్టమవుతుంది. బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకుని, కంపెనీ సైట్లో ఆ నంబరు కొట్టి వారంటీ తేదీ అక్కడే సరిచూశాం.

సాయంత్రం ఇంటికొచ్చాక విద్యార్థి లైసెన్సుల పని. ఆటోడెస్క్ వాళ్లు డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్, త్రీడీ మోడళ్లు చేసే ఫ్యూజన్ విద్యార్థులకు ఉచితంగా ఇస్తారు, ఏడాదికోసారి రెన్యూ చేసుకోవాలి. కోడింగ్ వాళ్లకైతే ప్రోగ్రామింగ్ టూల్స్ ఇచ్చే గిట్‌హబ్ స్టూడెంట్ ప్యాక్, జెట్‌బ్రెయిన్స్ ఉన్నాయి. ఇంజినీరింగ్ లెక్కలకు వాడే మాట్‌ల్యాబ్ కొనేముందు కాలేజీకి క్యాంపస్ లైసెన్సు ఉందేమో ల్యాబ్‌లో అడగాలి. ఉంటే కాలేజీ మెయిల్‌తో లాగినైతే చాలు. త్రీడీ డిజైన్‌కి వాడే సాలిడ్‌వర్క్స్ విండోస్‌లోనే నడుస్తుంది కాబట్టి, విద్యార్థి డిస్కౌంటు ఊరిస్తున్నా మెకానికల్ వాళ్లకు మ్యాక్ వద్దంటాను. ఈ విద్యార్థి లైసెన్సులు చదువుకోవడానికే, బయట డబ్బులకు డ్రాయింగులు గీయడానికి కాదు.

ఈ లైసెన్సులకు విద్యార్థినని ఐడీ కార్డు ఫోటోతో రుజువు చూపాల్సి వస్తుంది. మనవాళ్ల దరఖాస్తులు వెనక్కొచ్చేది ఎక్కువగా పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కాలేజీ ఐడీ కార్డు మీద ఒక్క పొడి అక్షరమే. ఖాతాలో ఒకలా, కార్డు మీద ఇంకోలా ఉంటే తిప్పి పంపేస్తారు. కార్డు మీద విద్యా సంవత్సరం లేకపోయినా అంతే. లామినేషన్ మీద లైటు మెరిసి అక్షరాలు చెదిరినా తిరస్కరిస్తారు. ఫోటో పగటి వెలుతురులో, నాలుగు మూలలూ పడేలా తీయాలి.

ఆమె కార్డు మీద కూడా పొడి అక్షరమే ఉంది, సంవత్సరం లేదు. కాలేజీ మెయిల్ ఇంకా ఇవ్వలేదు. సోమవారం ఆఫీసులో బోనఫైడ్ సర్టిఫికెట్ అడగమన్నాను. లెటర్‌హెడ్ మీద, మెమోలో ఉన్నట్టే పూర్తి పేరుతో, విద్యా సంవత్సరం, తేదీ, సీలు ఉండేలా చూసుకోవాలి. అది చేతికొచ్చాకే ఆటోడెస్క్‌కి అప్లై చేస్తాం.