కంసుడి రాజ్యంలో రెండు రోజులు

ఒడిశాలోని బర్‌గఢ్‌లో లాడ్జి గదికి 1,800 అడిగారు. మామూలు రోజుల్లో 700 అట. రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాత్రంతా నిద్రలేని ప్రయాణం. బేరమాడే ఓపిక లేక కట్టేశాను కానీ, ఆ కోపం సాయంత్రం దాకా పోలేదు.

ధనుయాత్ర అంటే అంతే మరి. కృష్ణుడు, కంసుడి కథను ఊరంతా వేదికగా ఆడే నాటకం. 1947-48లో మొదలైందట; పుష్య పౌర్ణమికి ముగిసేలా పదకొండు రోజులు ఈ ఊరు మధుర అయిపోతుంది. జీరా నది యమున. అవతలి గట్టున అంబాపాలి గోపపురం. దర్బారు ఒకచోట, కృష్ణుడి ఆటలు ఏటి అవతల. ఎక్కడ కూర్చుని చూడాలో నాకు అర్థం కాలేదు.

టీ కొట్టాయన నా ఫోన్ మాటలు విని "తెలుగువారా బాబూ?" అన్నారు. వాళ్ల నాన్న హిరాకుడ్ కాలువ కింద పొలం కొనుక్కుని తణుకు వైపు నుంచి వచ్చేశారట. వేడివేడి చౌల్ బరా పెట్టారు. బియ్యం, మినప్పప్పు రుబ్బి వేసిన వడలు, పచ్చిమిర్చి చట్నీతో. నాలుగు తిన్నాను. గది సంగతి చెబితే, "మహారాజుకి చెప్పుకోండి" అన్నారు. వేళాకోళం అనుకున్నాను.

ఇంతలో ఏనుగు మీద కంసుడి వేషగాడు వచ్చాడు. ఆ పదకొండు రోజులూ ఊరికి రాజు అతనే. టీ కొట్టు బాబాయ్ చేతులు జోడించి ఒడియాలో ఏదో గట్టిగా చెప్పేశారు. ఏనుగు ఆగింది. అన్ని కళ్లూ నా మీదే. "ఎంత తీసుకున్నాడు?" అని హిందీలో గర్జించాడు. నా గొంతు నిజంగానే వణికింది. లాడ్జి యజమాని తనే గుంపులోంచి వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. 500 జరిమానా! అక్కడికక్కడే కట్టాడు. గదికి నేనిచ్చిన దాంట్లో రూపాయి కూడా వెనక్కి రాలేదు, అయినా కోపం పోయింది.

మా బొబ్బిలి వైపు వీధి భాగవతం ఆడితే చాపలేసుకుని, దుప్పట్లు కప్పుకుని తెల్లవార్లూ చూసేవాళ్లం. భామ జడ విసిరితే ముసలివాళ్లు కూడా ఈలలు వేసేవారు. మా ఊళ్లో ఆ ఆట ఆగి ఇరవై ఏళ్లు దాటింది. చూడ్డం తప్ప మేమేం చేశామని రాత్రి గదిలో చాలాసేపు బాధగా అనిపించింది.

మర్నాడు చివరిరోజు. బాబాయ్ పొద్దుండగానే పొయ్యి ఆర్పేశారు. "మళ్లీ ఏడాది దాకా అడిగేవాడు ఉండడు బాబూ" అంటూ నన్ను వెంటబెట్టుకుని నడిచారు. కంసుడు నేలకొరిగాడు. జనం కృష్ణుడికి జేజేలు కొడుతున్నారు. బాబాయ్ మాత్రం పడి ఉన్న రాజు వైపు తిరిగి చేతులు జోడించారు.