పులిసిన వాగు ఒడ్డున మూడు రోజులు

జనవరిలో కర్ణాటకలోని కొడగు అంటే కాఫీ కోతల కాలం. మడికేరి నుంచి సిద్దాపుర వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా కొమ్మల నిండా ఎర్రటి పండ్లు, వాటికి నీడనిచ్చే పెద్ద చెట్లు, ఆ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు. నేను వెళ్లింది తోటలు చూడటానికి కాదు. వాగుల్లోని పురుగుల మీద పరిశోధన చేసే నా స్నేహితురాలు నమూనాల కోసం బయల్దేరుతూ "మూడు రోజులు సాయం వస్తావా?" అంది. కావేరిలో కలిసే ఒక చిన్న వాగు అది. దాని పేరు గానీ, ఒడ్డున ఉన్న తోటల పేర్లు గానీ ఇక్కడ రాయడం లేదు.

మొదటి రోజు ఎగువన, అడవి అంచున దిగాం. మోకాలి లోతు నీళ్లు. ఆమె ఒక రాయి తిరగేసి నా చేతిలో పెట్టింది. కాసేపటికి గానీ కనపడలేదు, రాయి రంగులోనే ఒక చిన్న పురుగు. వెనక మూడు సన్నని తోకలు, పొట్ట పక్కన వణుకుతున్న మొప్పలు. మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్ల. దాని పక్కనే ఇసుక రేణువులు అతికించుకుని గూడు కట్టుకున్న కాడిస్‌ఫ్లై పిల్ల. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే ముందుగా మాయమయ్యేవి ఇవేనట.

రెండో రోజు దిగువకి నడిచాం. వాగు కనపడకముందే వాసన తగిలింది. పండ్లరసం మూతపెట్టి మరిచిపోతే వచ్చే పులిసిన వాసన. ఒక పెద్ద తోట వాళ్లు గట్టు మీద పెట్టిన గొట్టంలోంచి గోధుమరంగు నీళ్లు సన్నగా కారుతున్నాయి. రాళ్ల మీద తడిసిన దూదిలాంటి బూడిదరంగు జిగురు. ముట్టుకుంటే వేళ్లకి పీచులా అంటుకుంది. రాయి తిప్పితే మేఫ్లై ఒక్కటీ లేదు. బురదలో ఎర్రటి దారాల్లాంటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. మన రక్తంలో ఉన్నట్టే వాటిలోనూ హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే గాలి ఆడని చోట కూడా బతుకుతాయి.

ఆ గొట్టంలో వచ్చేది విషం అనుకున్నాను. చక్కెర అంది ఆమె. పండిన కాఫీ పండుని పల్పర్‌లో వేస్తే తొక్క, గుజ్జు విడిపోతాయి. గింజకి అంటుకున్న జిగురుని పులియబెట్టి కడిగితే పార్చ్‌మెంట్ కాఫీ, అంటే పలచటి పొట్టుతో ఉన్న గింజలు, వస్తుంది. ఆ కడిగిన నీళ్లలో చక్కెరలు, పెక్టిన్ అనే జిగురు పదార్థం, గుజ్జు ముక్కలు ఉంటాయి. అవి పులిసి ఆమ్లంగా మారితే పీహెచ్ (ఎంత తగ్గితే అంత పులుపు) 4 దాకా పడిపోతుంది. వాటిని తినే బాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది. శుద్ధి చేయని ఒక లీటరు పల్పింగ్ నీరు అలా 10,000 మిల్లీగ్రాముల ఆక్సిజన్ దాకా తినేయగలదు. వాగు నీటిలో లీటరుకి ఉండేది దాదాపు 8 మిల్లీగ్రాములు. అక్కడే భాగించి చూసుకున్నాను. ఒక్క లీటరు, వెయ్యి లీటర్ల పైన వాగు నీటి ఊపిరి తీసేస్తుంది.

అదీ ఎప్పుడు? అరబికా రకం కాఫీ పండ్లు నవంబర్ నుంచి జనవరి దాకా కోతకొస్తాయి. వానలు వెళ్లిపోయి వాగు రోజురోజుకీ సన్నబడే నెలలవి. జూలైలో వచ్చే వరదకి ఈ నీళ్లు ఒక లెక్క కాకపోవచ్చు. జనవరిలో వాగుకి అంత ఓపిక ఉండదు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఇదే.

మూడో రోజు మధ్యాహ్నం వేరే తోటకి వెళ్లాం. యజమాని పెద్దాయన, ఓపిగ్గా అన్నీ చూపించారు. పల్పింగ్ నీటినే వడగట్టి మళ్లీ వాడుకుంటున్నారు. జిగురుని యంత్రమే రుద్ది తీసేస్తుంది కాబట్టి కడిగే నీళ్లు తక్కువ. మిగిలిన దాంట్లో సున్నం కలిపి, గుంటల్లో వారాల తరబడి నిలవ ఉంచుతారు. తొక్కలు ఎరువు అవుతాయి. "చిన్న రైతులు ఏం చేస్తారు సార్?" అని అడిగాను. గుంటలకి స్థలమే ఉండదు వాళ్లకి, అన్నారాయన. నలుగురైదుగురు కలిసి ఒకే చోట పల్పింగ్ చేసుకుంటే తప్ప ఒక్కొక్కరికీ ఇది మోయలేని ఖర్చు అనిపించింది నాకు. వాళ్లని తిట్టి లాభం లేదు. కానీ గట్టు మీద గొట్టం పెట్టిన ఆ పెద్ద తోటకి స్థలం లేక కాదు.

ఆ సాయంత్రం వాగులో ఇంకా దిగువకి, నీళ్లు బండల మీంచి దూకి కాస్త తేరుకునే చోటికి వెళ్లి ఆక్సిజన్ కొలిచే మీటర్ వదిలాం. ఏ రోజు కోసిన పండుని ఆ రోజే ఆడించాలి కాబట్టి చీకటి పడేసరికి ఎగువన మిషన్ మోత మొదలైంది. "ఇక్కడికి రావడానికి రెండు గంటలు పడుతుంది" అంటూ ఆమె వాచీ చూసుకుంది. టార్చ్ వెలుగులో అంకెలు చూస్తూ కూర్చున్నాం. లీటరుకి ఆరున్నర మిల్లీగ్రాములు. చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత అయిదు. రాత్రి పదిన్నరకి మూడు. పులుపు వాసన ముక్కుకి తగిలింది. అప్పుడే ఒక చిన్న పీత నీళ్లలోంచి మెల్లగా పాకుతూ వచ్చి, మా పక్క బండ ఎక్కి ఆగిపోయింది. టార్చ్ దాని మీద వేసినా వెనక్కి వెళ్లలేదు.