ఆకుల సంచుల లెక్క: పన్నెండో వారం

ఈ రోజు పన్నెండో వారం సంచులు తీశాను. ఇంకా నాలుగే మిగిలాయి.

చెట్ల కింద రాలిన ఆకు ఎంత వేగంగా మట్టిలో కలుస్తుందో తూచి చూడటమే పని. దోమతెర గుడ్డతో జానెడు సంచులు 16 కుట్టి, ఒక్కోదాంట్లో 10 గ్రాముల ఎండుటాకు పెట్టి, చెట్ల కింద ఉంచాను. సగం సంచుల్లో కానుగ, సగం సంచుల్లో నీలగిరి. చెట్టు మీది పచ్చాకు కోసి పెట్టకూడదు. రాల్చేముందు చెట్టు ఆకులోని నత్రజని, భాస్వరాల్లో సుమారు సగం వెనక్కి లాగేసుకుంటుంది. పచ్చాకుతో చేస్తే దొంగలెక్కే.

నాలుగో వారం బోల్తా పడ్డాను. నీలగిరి సంచి 10.6 గ్రాములు తూగింది! కుళ్లాల్సింది బరువెక్కడమేమిటని రాత్రంతా టెన్షన్. తీరా చూస్తే వానకు చిమ్మిన మట్టి ఆకుల సందుల్లో పేరుకుంది. అప్పట్నుంచి మెత్తటి కుంచెతో దులిపి, ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఆరబెట్టాకే తూస్తున్నాను. విడిగా దాచిన 10 గ్రాముల ఆకునూ అలాగే ఆరబెడితే రెండు రకాలూ 9.1కి దిగాయి. అసలు మొదటి బరువు అదీ.

ఈ వారం, రెండేసి సంచుల సగటు: కానుగ 3.8, నీలగిరి 7.2. కానుగ వేళ్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకిస్తుంది కాబట్టి ఆకులో అది దండిగా ఉంటుంది, అందుకే త్వరగా కుళ్లుతుంది. నీలగిరి ఆకు తోలులా మందం, ఒగరు.

బరువు తగ్గినంత వంతునే పోషకాలూ బయటికొచ్చేశాయని మొదట్లో అనుకున్నా. కాదు. పొటాషియం ఆకులో దేనికీ అతుక్కుని ఉండదు, తొలి వానలకే కారిపోతుంది. కాల్షియం కణాల గోడల్లో ఇరుక్కుని, ఆకు చివికాకే వస్తుంది. నత్రజనిది మరీ విచిత్రం: అది తక్కువున్న ఆకును తినే బూజు, తనకు చాలక చుట్టుపక్కల మట్టిలోంచి కూడా తెచ్చుకుంటుంది. ఆకు తరుగుతుంటే అందులో నత్రజని కొన్నాళ్లు పెరుగుతుందన్నమాట. నా తక్కెడకి ఇవేవీ కనపడవు.

ఒక కానుగ సంచి విప్పితే ఆకుల్లో ఈనెల జల్లెడే మిగిలింది. దారమంత వేరొకటి తెర కన్నంలోంచి దూరి, రెండు ఆకుల మధ్య కొమ్మలు వేసి పరుచుకుంది. ఆకు పూర్తిగా మట్టి కాకముందే చెట్టు వచ్చి వసూలు చేసుకుంటోంది! తెంపకుండా సంచి తీయడం కుదరలేదు. దాన్ని ఏరేశాకే తూచాను.

మిగిలిన నాలుగూ 24వ వారానికి. ఈలోగా పెద్ద కన్నాల వలతో ఇంకో జత కుడతాను, వానపాములూ రోకలిబండ పురుగులూ దూరేలా.