చెట్ల మధ్య చేపలు

కంబోడియాలోని బయోన్ గుడి గోడ మీద ఒక పడవల యుద్ధం చెక్కి ఉంది. పడవల్లో సైనికులు, కింద నీళ్లలో చేపలు, నీళ్లలో పడ్డవాణ్ణి పట్టుకున్న మొసలి. అంతవరకూ బాగానే ఉంది. కాస్త పక్కకి జరిగితే చెట్ల మధ్య కూడా చేపలు ఈదుతున్నాయి. "ఎండ దెబ్బకి శిల్పి అడవినీ చెరువునీ కలిపేసినట్టున్నాడు బావా" అన్నాడు మా బావమరిది. ఏప్రిల్ నెలాఖరు ఎండ అది, నేనూ కాదనలేదు.

మర్నాడు టోన్లే సాప్ సరస్సుకి బయల్దేరాం. కంబోడియా వెళ్లినవాళ్లంతా గుళ్లు చూసి వచ్చేస్తారు. నాకు మాత్రం ఈ సరస్సు మీద చాన్నాళ్లుగా కన్నుంది. గోదావరి లంకలో పుట్టినవాణ్ణి, వరద అనే మాట వింటే చెవులు నిక్కబొడుచుకుంటాయి. మాకు టూర్ అమ్మిన ఏజెంటు "ఫుల్ వాటర్ సార్" అన్నాడు. నమ్మేశాం. గుళ్ల పక్కనే ఉన్న సియెమ్ రీప్ పట్నం నుంచి టుక్‌టుక్‌లో కాంపాంగ్ ఫ్లుక్ అనే ఊరు చేరాక చూస్తే నీళ్లు కాలువలో అడుగున ఉన్నాయి, ఇళ్లు ఆకాశంలో ఉన్నాయి.

నిజంగానే ఆకాశంలో. రెండు మూడు తాటి నిట్టాళ్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తు కర్రల మీద ఒక్కో ఇల్లు. ఇంట్లోకి ఎక్కాలంటే నిచ్చెనే. కింద రోడ్డు పక్కన పట్టాలు పరిచి చిన్న రొయ్యలు ఎండబెట్టారు. ఆ వాసనకి మా వాడు ముక్కు మూసుకున్నాడు, నాకేమో ఇంటికొచ్చినట్టు అనిపించింది. స్తంభాల మీద నా తలకి చాలా పైన ఒక బురద గీత కనిపించింది. వరద వచ్చినప్పుడు నీరు అక్కడిదాకా ఉంటుందని డ్రైవరు చెయ్యెత్తి చూపించాడు.

ఈ సరస్సు సంగతి వింతైనది. దీన్ని మెకాంగ్ మహానదితో కలిపే టోన్లే సాప్ నది సుమారు 120 కిలోమీటర్లు ప్రవహించి రాజధాని నోమ్ పెన్ దగ్గర మెకాంగ్‌లో కలుస్తుంది. వానాకాలంలో మెకాంగ్ పొంగి, దాని మట్టం సరస్సు మట్టాన్ని మించిపోతుంది. అప్పుడు ఈ నది వెనక్కి తిరిగి సరస్సులోకి పారుతుంది. వేసవిలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు ఉండే సరస్సు వరదలో 15,000 దాకా పరుచుకుంటుంది. లోతు ఒక మీటరు నుంచి తొమ్మిది మీటర్ల దాకా పెరుగుతుంది. లోపలికొచ్చే నీటిలో సగానికి పైగా మెకాంగ్‌దే. మన కొల్లేరు మట్టం తగ్గితే ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు పైకి తోసుకొస్తుంది కదా, కాస్త అలాంటిదే. కాకపోతే కొల్లేటి వాళ్లకి అది తలనొప్పి, వీళ్లకి బతుకు. నీరు మళ్లీ మెకాంగ్ వైపు తిరిగే రోజుల్లో, మన కార్తీక పౌర్ణమి నాడే, వీళ్లు పడవ పందాలతో నీళ్ల పండగ చేసుకుంటారు.

పడవ ఎక్కాం. పావుగంటకే బురదలో కూరుకుపోయింది. పడవాయన మోటారు ఆపి పొడుగాటి గెడ తీసి అడుగున పొడిచాడు. బుడబుడమని బుడగలు లేచాయి. మళ్లీ పొడిస్తే మళ్లీ బుడగలు. "పాము కాదు కదా" అని మా వాడు కాళ్లు పైకి పెట్టేసుకున్నాడు.

పాము కాదు, గోబర్ గ్యాస్. పేడ గోతిలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. నెలల తరబడి నీళ్లలో నిలబడ్డ అడవి ఆకులు రాలుస్తుంది, గడ్డి కుళ్లుతుంది. దాన్ని తినే సూక్ష్మజీవులు నీళ్లలోని ఆక్సిజన్ అంతా వాడేసి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఆక్సిజన్ అందని బురదలో వేరే జాతి జీవులు పని అందుకుని మీథేన్ తయారుచేస్తాయి. అది నెమ్మదిగా నీళ్ల గుండా పైకొస్తే దారిలో ఇంకో రకం జీవులు దాన్ని తినేస్తాయి. బుడగగా లేస్తే మాత్రం సూటిగా గాలిలోకే. అమెజాన్ ముంపు అడవుల్లో చేసిన పరిశోధన ఒకటి 2017లో వచ్చింది. అక్కడ పైకొచ్చే మీథేన్‌లో దాదాపు సగం చెట్ల కాండాల గుండా వస్తోందని తేలింది. చెట్టు పొగగొట్టంలా పనిచేస్తుందన్నమాట.

నది అంటే మనకి ఒక కాలువ. కొండల మీద ఆకూ అలమూ కొట్టుకొచ్చి సముద్రంలో కలుస్తుందని చిన్నప్పుడు చదువుకున్నాం. లెక్క వేరే ఉంది. జొనాథన్ కోల్ అనే శాస్త్రవేత్త బృందం 2007లో వేసిన లెక్క ప్రకారం నేల మీద నుంచి నదులూ చెరువుల్లోకి ఏటా 190 కోట్ల టన్నుల కార్బన్ చేరితే, అందులో సముద్రానికి అందేది సుమారు 90 కోట్లు. 80 కోట్లకి తక్కువ కాకుండా దారిలోనే గాలిలో కలుస్తుంది, ఇరవై కోట్లు అడుగున పూడుకుపోతుంది. అంటే నది వచ్చినదాంట్లో దాదాపు సగాన్ని దారిలోనే తినేసి ఊపిరి వదిలేస్తోంది. వేడి దేశాల ముంపు మైదానాల్లో ఆ తిండి మరీ జోరుగా సాగుతుంది. అలాగని సరస్సుని దోషిని చేసేయకూడదు. ఆ ఆకుల్లోని కార్బన్ నిన్నమొన్న గాలి నుంచి తీసుకున్నదే. నేల లోతుల్లోంచి తవ్విన బొగ్గుదీ దీనిదీ ఒకే లెక్క కాదు.

ఇంతసేపూ పడవాయన గెడ వేస్తూనే ఉన్నాడు. నేను దిగి తోస్తానంటే నవ్వి, వద్దని చెయ్యి ఊపాడు. కాసేపటికి తనే మోకాళ్ల దాకా దిగాడు. ఆగలేక నేనూ దిగాను. ఆ బురద నున్నగా, వెన్నలా ఉంది. 1986 ఆగస్టు వరద తీశాక మా లంకలో గట్టుల మీద పేరుకున్న ఒండ్రు సరిగ్గా ఇలాగే ఉండేది. ఇల్లు పోయిందని మా నాన్న ఏడ్చాడు. అదే నాన్న ఆ ఏడు పంటకి ఎరువు కొనలేదు.

ఇక్కడి మెకాంగ్ ఒండ్రు కూడా అలాంటిదే, దానితోపాటు వచ్చే భాస్వరమే ఈ చేపలకి అసలు పెట్టుబడి. చేపల్ని వీళ్లు రెండు రంగులుగా విడదీస్తారట. వరదతో వచ్చి నీరు తీయగానే మెకాంగ్‌కి వెళ్లిపోయేవి తెల్ల చేపలు. ఎండాకాలంలో మడుగుల్లో ఊపిరి బిగబట్టి ఉండిపోయేవి నల్ల చేపలు. నల్లవాటిలో మన కొర్రమీనూ మార్పు చేపా ఉన్నాయి. నీళ్లలో ఆక్సిజన్ అయిపోతే పైకొచ్చి గాలి మింగే రకాలు కాబట్టే ఈ కుళ్లు నీళ్లలో బతుకుతున్నాయి. తెల్లవాటిలో 'రియల్' అనే చిట్టి చేప ఉంది. వీళ్ల డబ్బు పేరూ రియలే. వాళ్ల వంటింటి ప్రహోక్, అంటే ఊరబెట్టిన చేపముద్ద, ఎక్కువగా దీనితోనే.

డ్రైవరు మధ్యలో ఉండి పడవాయన మాట మాకు చెప్పాడు: ఈ మధ్య నీళ్లు ఆలస్యంగా వస్తున్నాయి, వచ్చినా తొందరగా పోతున్నాయి. 2019లోనూ 2020లోనూ నది వెనక్కి తిరగడం ఆలస్యమైన మాట వాస్తవం. వానలు తగ్గడంతోపాటు ఎగువన చైనా, లావోస్‌లలోని డ్యాములు నీళ్లు ఆపడం మీదా వేలెత్తి చూపుతారు. 2016 కరువులో ఎండిన ముంపు అడవి తగలబడింది కూడా. వరదలో మునిగితే మెల్లగా కుళ్లి చేపల పాలవ్వాల్సిన ఆకులు, వరద రాకపోతే ఒక్క రోజులో పొగైపోతాయి.

చివరికి పడవ కదిలింది. ఎండిన అడవి అంచున ఆపి కాసేపు నడిపించారు. చెట్ల కాండాలకి నా ఎత్తుని దాటి బురద పట్టి ఉంది. ఒక కొమ్మల చీలికలో, రెండు నిలువుల ఎత్తున, చిరిగిన వల ముక్క వేలాడుతోంది. దానికి చిక్కుకుని ఎండిపోయిన వెన్నుముల్లు ఒకటి. మా వాడు చాలాసేపు తలెత్తి చూసి, ఫోన్ తీసి నిన్నటి గుడి గోడ ఫొటో వెతకడం మొదలుపెట్టాడు.

హోటల్‌కి చేరేసరికి నా కాళ్ల మీద బురద ఎండి పొలుసులు కట్టింది. రిసెప్షన్‌లో అమ్మాయి మమ్మల్ని లోపలికి రానీయకుండా వెనక ఉన్న కుళాయి చూపించింది.